ప్రవర్తనావాదం – తెలుగు విద్యామనోవిజ్ఞాన పాఠ్యసంప్రదాయం: రంపచోడవరం మన్యం నేపథ్యంలో ఒక విమర్శ

సారాంశం

ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయ వృత్తిలోకి రాదలచిన ప్రతి అభ్యర్థీ పావ్లోవ్, థార్న్‌డైక్, స్కిన్నర్‌ల సిద్ధాంతాలను తెలుగులో చదువుతాడు. ఒక శతాబ్దపు వాదవివాదాల నుంచి పుట్టిన ఆ సిద్ధాంతాలు మన పాఠ్యగ్రంథాలలోకి వచ్చేసరికి వివాదాన్ని పోగొట్టుకుని నియమాలుగా స్థిరపడ్డాయి. అనువాద పదజాలం వాటికి కొత్త అర్థాలను జతచేసింది. ఈ పాఠ్యసంప్రదాయాన్ని పదజాలం, చరిత్ర, ఆచరణ అనే మూడు కోణాల నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పూర్వపు తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీకి కేంద్రమైన రంపచోడవరం మన్యాన్ని అందుకు పరీక్షాస్థలంగా తీసుకున్నాను. మౌనంగా కూర్చున్న గిరిజన విద్యార్థిని ఈ సంప్రదాయం ఎలా చదువుతుంది, ఎందుకు తప్పుగా చదువుతుంది అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: ప్రవర్తనావాదం, నిబంధనం, పునర్బలనం, అభ్యసనం, కొండరెడ్లు, ఆశ్రమ పాఠశాల, మాతృభాషా విద్య.

1. ప్రవేశిక

మనోవిజ్ఞాన శాస్త్రం తెలుగులోకి రెండు దారుల్లో వచ్చింది. మొదటిది సాహిత్యం. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, నవీన్ ‘అంపశయ్య’ వంటి నవలల గురించి మాట్లాడినప్పుడల్లా మన విమర్శకులు ఫ్రాయిడ్‌నో, చైతన్యస్రవంతినో ప్రస్తావిస్తారు. మనిషి లోపలికి చూడడమే మనోవిజ్ఞానమన్న భావన ఈ దారిలో స్థిరపడింది. రెండవది ఉపాధ్యాయ శిక్షణ. ఇక్కడి మనోవిజ్ఞానం పూర్తిగా వేరు. ఇందులో పంజరంలోని పిల్లి, లాలాజలం కార్చే కుక్క, మీట నొక్కే ఎలుక ఉంటాయి. లోపలి మనిషి ఉండడు.

మొదటి దారిపై తెలుగులో విస్తారంగా విమర్శ వచ్చింది. రెండవ దారిని విమర్శకులు సాహిత్యంగా గాని, భావచరిత్రగా గాని పట్టించుకున్నది తక్కువ. పాఠకుల సంఖ్యను బట్టి చూస్తే ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది. ఉపాధ్యాయ అర్హత పరీక్షలో శిశువికాసం, బోధనాశాస్త్రం అనే విభాగానికి 150 మార్కుల్లో 30 మార్కులు ఉన్నాయి. ఆ పాఠ్యప్రణాళికలో అభ్యసన సిద్ధాంతాల కింద ప్రవర్తనావాదం, నిర్మాణాత్మకవాదం, గెస్టాల్ట్‌వాదం, పరిశీలనాభ్యసనం వరుసగా కనిపిస్తాయి. మైదానం నుంచి గాని, మన్యం నుంచి గాని వచ్చే ప్రతి ఉపాధ్యాయుడూ ఈ పేజీలు దాటే తరగతి గదిలోకి వస్తాడు. ఒక సమాజం తన పిల్లల మనసు గురించి ఏమి నమ్ముతుందో తెలుసుకోవడానికి ఈ పుస్తకాలు నవలల కన్నా తక్కువ ఆధారం కాదు.

ఈ విమర్శ ఏ ఒక్క గ్రంథాన్నో, గ్రంథకర్తనో ఉద్దేశించినది కాదు. శిక్షణ కళాశాలల్లోను, పోటీ పరీక్షల పుస్తకాల్లోను ఒకే వరుసలో, ఒకే పదాల్లో తిరిగి తిరిగి వస్తున్న ఒక బోధనా సంప్రదాయాన్ని ఉద్దేశించినది.

2. పదాలు చేసిన పని

ప్రవర్తనావాదాన్ని తెలుగులోకి తెచ్చినవారు కష్టమైన పని చేశారు. ఉద్దీపన, ప్రతిస్పందన, పునర్బలనం, విరమణ వంటి పదాలు ఈనాడు సహజంగా వాడుకలో ఉన్నాయంటే అది వారి కృషి ఫలితమే. అయితే కొన్ని పదాలు మూలంలో లేని అర్థాలను వెంటబెట్టుకుని వచ్చాయి. అటువంటి నాలుగింటిని చూద్దాం.

మొదటిది ‘శాస్త్రీయ నిబంధనం’. పావ్లోవ్ ప్రయోగాలకు ఆంగ్లంలో ఉన్న విశేషణం ‘ముందుతరానిది, ప్రమాణంగా నిలిచినది’ అన్న అర్థమిస్తుంది. మనం శాస్త్రీయ సంగీతం అన్నప్పుడు ఉద్దేశించే అర్థం అదే. కాని విజ్ఞాన పాఠంలో ‘శాస్త్రీయ’ అనే మాట కనిపిస్తే విద్యార్థికి తోచేది ‘విజ్ఞానశాస్త్ర సమ్మతమైన’ అన్న అర్థం. ఫలితంగా పావ్లోవ్ సిద్ధాంతం పేరులోనే తిరుగులేని ప్రామాణికతను పొందింది. పక్కనున్న కోలర్ అంతర్దృష్టి సిద్ధాంతానికి అటువంటి విశేషణం లేదు.

రెండవది ‘నిబంధనం’. ఇక్కడ అనువాదం ఆంగ్లాన్ని మించిపోయింది. పావ్లోవ్ రష్యన్‌లో వాడిన మాటకు ‘షరతుపై ఆధారపడిన’ అన్న అర్థం ఉంది. ఆంగ్లంలో అది ‘మలచబడిన’ అన్న అర్థంలోకి జారింది. తెలుగులో నిబంధన అంటే షరతే. కాబట్టి నిబంధిత ప్రతిచర్య అంటే ఫలానా పరిస్థితి ఉన్నంతవరకే నిలిచే ప్రతిచర్య అని తెలుగు విద్యార్థికి సూటిగా చెప్పవచ్చు. మన పాఠాలు ఈ అవకాశాన్ని వాడుకోకుండా, ఒకసారి మలిస్తే మలిగిపోయే స్వభావంగానే దాన్ని వివరిస్తూ వచ్చాయి.

మూడవది ‘అభ్యసనం’, ‘అభ్యాసం’ అనే జంట. నేర్చుకోవడానికి అభ్యసనమని, మళ్ళీ మళ్ళీ చేయడానికి అభ్యాసమని పేర్లు పెట్టుకున్నాం. రెండింటికీ ధాతువు ఒకటే. థార్న్‌డైక్ ‘అభ్యాస నియమం’ చదివే తెలుగు విద్యార్థికి నేర్చుకోవడం అంటే వల్లెవేయడమేనన్న భావన నిర్వచనం లోపలే దొరుకుతుంది. వాదించి నిరూపించవలసిన విషయం వ్యుత్పత్తి ద్వారా ఒప్పుదల పొందింది.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ‘ప్రవర్తన’. వాట్సన్‌కు ప్రవర్తన అంటే బయటికి కనిపించి కొలతకు అందే చర్య. అందులో మంచిచెడ్డలు లేవు. తెలుగులో ప్రవర్తన నైతిక పదం. సత్ప్రవర్తన, దుష్ప్రవర్తన, పాఠశాల ఇచ్చే ప్రవర్తన ధ్రువపత్రం, ‘వాడి ప్రవర్తన బాగాలేదు’ అనే ఫిర్యాదు, ఇవన్నీ మాట వినడమనే అర్థం చుట్టూ తిరుగుతాయి. అందువల్ల ప్రవర్తనావాదం తెలుగు తరగతి గదిలోకి ఒక కొలత పద్ధతిగా కాక క్రమశిక్షణ పద్ధతిగా ప్రవేశించింది. ఋణాత్మక పునర్బలనాన్ని దండనతో కలిపేసుకునే పొరపాటు పరీక్షార్థులలో పదే పదే ఎందుకు కనిపిస్తుందో కూడా దీనివల్ల అర్థమవుతుంది. బాధాకరమైన పరిస్థితిని తొలగించి ఒక చర్యను బలపరచడం మొదటిది, బాధ కలిగించి ఒక చర్యను అణచడం రెండవది. ప్రవర్తన అంటే విధేయత అనుకున్న చోట ఈ తేడాకు పెద్ద విలువ ఉండదు.

3. చరిత్రను పోగొట్టుకున్న నియమాలు

సిద్ధాంతాన్ని దాని చరిత్రతో కాక నియమాల జాబితాగా బోధించడం ఈ సంప్రదాయంలోని రెండవ లోపం. థార్న్‌డైక్ పేరు చెప్పగానే సంసిద్ధత, అభ్యాసం, ఫలితం అనే మూడు నియమాలు ఏకరువు పెట్టడం మనకు అలవాటు. 1898 నాటి పిల్లుల ప్రయోగాల నుంచి మొదలైన ఆ ఆలోచనను థార్న్‌డైక్ స్వయంగా 1932 నాటికి సవరించుకున్నాడు. కేవలం పునరావృతి వల్ల నేర్చుకోవడం జరగదని, బహుమతి బలపరిచినంతగా శిక్ష బలహీనపరచదని తన ప్రయోగాల ద్వారానే గ్రహించి ఒప్పుకున్నాడు. సిద్ధాంతకర్త వెనక్కి తీసుకున్న మాటను మనం ఇప్పటికీ ఆయన పేరు మీదే వల్లిస్తున్నాం. ఆ ఒప్పుకోలు పాఠంలో చేరితే రెండు మేళ్ళు జరుగుతాయి. శాస్త్రం తనను తాను ఎలా దిద్దుకుంటుందో విద్యార్థికి తెలుస్తుంది. బెత్తానికి ఉన్న శాస్త్రాధారం పోతుంది.

వాట్సన్ విషయం మరింత తీవ్రమైనది. 1913లో ప్రవర్తనావాద ప్రకటన చేసిన వాట్సన్, 1920లో రోజాలీ రేనర్‌తో కలిసి ఆల్బర్ట్ అనే పదకొండు నెలల శిశువుపై ప్రయోగం చేశాడు. తెల్ల ఎలుక కనిపించినప్పుడల్లా శిశువు వెనుక ఉక్కు కడ్డీని సుత్తితో మోగించారు. కొద్ది పర్యాయాల తరువాత ఎలుకను చూస్తేనే బిడ్డ ఏడవసాగాడు. భయాన్ని తొలగించే ప్రయత్నం జరగకుండానే ఆ బిడ్డ ఆసుపత్రి నుంచి వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ తరువాత, 1924లో, మేరీ కవర్ జోన్స్ పీటర్ అనే బాలుడికి కుందేలంటే ఉన్న భయాన్ని, అతనికి ఇష్టమైన ఆహారం ఇస్తూ కుందేలును క్రమంగా దగ్గరకు తెచ్చి పోగొట్టింది. ఒకే సిద్ధాంతం నుంచి వచ్చిన ఈ రెండు ప్రయోగాలలో ఉపాధ్యాయుడికి కావలసినది రెండవది. మన పాఠాలలో తరచు గుర్తుండిపోయేది మొదటిది.

1930లో టోల్మన్, హాంజిక్ చేసిన ఎలుకల ప్రయోగం మన చర్చకు కీలకమైనది. ఒక జట్టు ఎలుకలను పది రోజులపాటు ఏ ఆహారమూ పెట్టకుండా చిక్కుదారిలో తిరగనిచ్చారు. వాటి తప్పులు పెద్దగా తగ్గలేదు. ఏమీ నేర్వలేదని పరిశీలకుడు అనుకోవచ్చు. పదకొండవ రోజున దారి చివర ఆహారం పెట్టారు. మరుసటి రోజుకే వాటి తప్పులు, మొదటి నుంచీ ఆహారం పొందిన ఎలుకల స్థాయికి పడిపోయాయి. అవి పది రోజులుగా నేర్చుకుంటూనే ఉన్నాయి. నేర్చినదాన్ని చూపవలసిన కారణం మాత్రం వాటికి లేకపోయింది. నేర్చుకోవడం వేరు, నేర్చినదాన్ని ప్రదర్శించడం వేరు అన్న ఈ భేదం ప్రవర్తనావాదం లోపలి నుంచే వచ్చింది.

ఇంకొక ఉదాహరణ ప్రసిద్ధి పొందలేదు కాని ఆలోచింపజేస్తుంది. 1946లో గత్రీ, హార్టన్ అనే పరిశోధకులు పెట్టెలోని పిల్లులు మధ్యనున్న కర్రకు ఒంటిని రుద్దుతూ తలుపు తెరవడం నేర్చాయని, ప్రతి పిల్లీ తన పద్ధతిని యథాతథంగా పునరావృతం చేసిందని ప్రకటించారు. 1979లో మూర్, స్టట్టర్డ్ ఈ ప్రయోగాన్ని మరోలా చేసి చూశారు. ఎదుట మనిషి కనిపించినప్పుడు పిల్లులు ఒంటిని రుద్దాయి. మనిషి కనిపించనప్పుడు రుద్దలేదు. మనిషిని చూసి పిల్లి సహజంగా చేసే పలకరింపునే పరిశోధకులు ముప్పై ఏళ్ళపాటు అభ్యసనంగా చదువుకున్నారు. పరిశీలకుడు తాను కూడా దృశ్యంలో భాగమన్న సంగతి మరచిపోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

4. మన్యం తరగతి గది

ఈ రెండు ప్రయోగాలనూ మనసులో పెట్టుకుని రంపచోడవరం, మారేడుమిల్లి, అడ్డతీగల, వై.రామవరం ప్రాంతాల తరగతి గదికి వద్దాం. ఇక్కడి విద్యార్థులలో కొండరెడ్లు, కోయలు, కొండకమ్మరులు, వాల్మీకులు తదితరులున్నారు. కొండరెడ్ల మాతృభాష తెలుగే, కాని పాఠ్యపుస్తకంలోని తెలుగు కాదు. కోయభాష నిలిచి ఉన్న ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకు తరగతిలోని భాష పూర్తిగా కొత్తది. ఆశ్రమ పాఠశాలలో చేరిన బిడ్డ తల్లిదండ్రులను, పోడును, సంతను, అడవిని వదిలి వస్తాడు.

ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న అడిగాడనుకుందాం. బిడ్డ తలదించుకుని మౌనంగా నిలబడ్డాడు. మన పాఠ్యసంప్రదాయం ప్రకారం ఇక్కడ ఉద్దీపన ఉంది, ప్రతిస్పందన లేదు. కనుక అభ్యసనం జరగలేదు. కనుక మరింత అభ్యాసం, తగిన పునర్బలనం అవసరం. ఈ తర్కంలో ప్రతి మెట్టూ పుస్తకం నుంచి వచ్చినదే. టోల్మన్‌ను చదివిన ఉపాధ్యాయుడు మాత్రం ఆగి, ‘వీడికి తెలియదా, లేక తెలిసినది చూపడానికి ఇక్కడ కారణం లేదా?’ అని అడుగుతాడు. మూర్, స్టట్టర్డ్‌లను చదివినవాడు మరొక ప్రశ్న వేసుకుంటాడు: ‘ఈ మౌనం ప్రశ్నకు ప్రతిస్పందనా, నాకు ప్రతిస్పందనా?’ అధికారి, అటవీ ఉద్యోగి, వ్యాపారి మాట్లాడిన భాషనే మాట్లాడే మనిషి ఎదుట ఆ బిడ్డ మౌనం వహించడం మందబుద్ధికి గుర్తు కాకపోవచ్చు. అది మర్యాద కావచ్చు, జాగ్రత్త కావచ్చు. ప్రశ్నలోని మాటే తెలియకపోవడమూ కావచ్చు. కొలమానం ఒక్కటే అయినప్పుడు ఈ మూడింటికీ పడే మార్కు సున్నా.

విధానాల చరిత్రలో ఈ ఘర్షణ కనిపిస్తూనే ఉంది. 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం చేసి నేర్చుకోవడానికి, స్థానిక పరిసరాల వినియోగానికి, వైయక్తిక భేదాలకు చోటిచ్చింది. 1991లో వచ్చిన కనీస అభ్యసన స్థాయిల విధానం జ్ఞానాన్ని కొలవదగిన సామర్థ్యాలుగా విడగొట్టింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం జ్ఞానాన్ని బిడ్డ తానే నిర్మించుకుంటాడని ప్రకటించింది. అంతకు కొంచెం ముందు, 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషలలో బహుభాషా విద్యను ప్రారంభించింది. విద్యాహక్కు చట్టం 2009లో శారీరక దండనను నిషేధించి, సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలని చెప్పింది. విధానపత్రాలు ఇంత దూరం నడిచినా, ఉపాధ్యాయుడు పరీక్ష కోసం కంఠస్థం చేసిన మూడు నియమాలు అక్కడే నిలిచిపోయాయి. నిర్మాణాత్మకవాదాన్ని కూడా బహుళైచ్ఛిక ప్రశ్నగా, ప్రవర్తనావాద పద్ధతిలోనే నేర్చుకోవలసి రావడం ఇందులోని వైచిత్రి.

5. మామిడి కొత్త: తినకుండా ఆగడం

ప్రవర్తనావాదానికి మన్యం వేసే ప్రశ్న తరగతి గదితో ఆగదు. కొండరెడ్లు, కోయలు కొత్తగా కాపుకొచ్చిన పంటనూ, పండునూ ముందు దేవతలకు, పెద్దలకు నివేదించిన తరువాతే తింటారు. మామిడి కొత్త పండుగ జరగనిదే కొత్త మామిడి ముట్టరు. కొండరెడ్లకు మామిడి రుచికోసం తినే పండు మాత్రమే కాదు. ఎండబెట్టి దాచిన టెంకల పిండి ఆహారం దొరకని రోజుల్లో వారిని ఆదుకుంటుంది. అటువంటి ఆహారం చెట్టున కళ్ళెదుట ఉంది. ఆకలి ఉంది. కోయడానికి అడ్డులేదు. అయినా ఊరు ఊరంతా ఆగుతుంది, పిల్లలతో సహా.

స్కిన్నర్ అనుయాయి దీనికి జవాబు చెప్పగలడు. పెద్దల మెప్పు పునర్బలనమని, దేవత ఆగ్రహం పట్ల భయం వికర్షక ఉద్దీపన అని అంటాడు. ఆ జవాబును తేలికగా కొట్టివేయలేం. పిల్లలు ఈ కట్టుబాటును పెద్దల మెప్పు, మందలింపుల మధ్యనే నేర్చుకుంటారు. కాని దేవత అనే ఉద్దీపన ఎక్కడ ఉంది? దాన్ని కొలిచేదెలా? చనిపోయిన పెద్దలు ఏ విధంగా పునర్బలనం ఇస్తారు? ఊరి మనసులో ఉన్న అర్థాన్ని ముందు తెలుసుకుని, ఆ తరువాత దానికి ఉద్దీపన అని పేరు పెడుతున్నామే తప్ప, ఉద్దీపన నుంచి అర్థాన్ని రాబట్టడం లేదు. 1957లో స్కిన్నర్ భాషపై రాసిన గ్రంథాన్ని 1959లో చామ్‌స్కీ సమీక్షిస్తూ ఎత్తిచూపిన బలహీనత సారాంశంలో ఇదే. ప్రయోగశాలలో స్పష్టమైన అర్థమున్న పదాలు బయటి ప్రపంచానికి విస్తరించినప్పుడు, దేనికైనా సరిపోయి ఏమీ చెప్పని పదాలవుతాయి.

రంప చరిత్రకూ ఇది వర్తిస్తుంది. 1879లో మొదలైన రంప తిరుగుబాటుకు జీలుగు కల్లుపై ఆంక్షలు, మన్సబుదారు విధించిన చిగురుపన్ను కారణమని రాస్తాం. పన్ను ఉద్దీపన, తిరుగుబాటు ప్రతిస్పందన అంటే వాక్యం పూర్తవుతుంది, చరిత్ర పూర్తికాదు. మైదానపు వ్యాపారులు సివిల్ కోర్టు తీర్పులతో కొండవాళ్ళ ఆస్తులను లాగేసుకోవడం, పోలీసుల వేధింపులు, ముఠాదారుల హక్కులపై మన్సబుదారు దాడి, వేసవిలో ఆహారంగాను, పండుగల్లో నైవేద్యంగాను ఉన్న కల్లు పరాయివాడి గుత్తసొత్తు కావడం, ఇవన్నీ కలిసి ఆ పన్నుకు ఒక అర్థాన్నిచ్చాయి. తిరుగుబాటు ఆ అర్థానికి వచ్చిన సమాధానం.

6. ప్రవర్తనావాదానికి దక్కవలసిన న్యాయం

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ప్రవర్తనావాదాన్ని పాఠ్యప్రణాళిక నుంచి తొలగించాలనడం అవివేకం. మన్యానికి సంబంధించినంతవరకు అది ఇచ్చిన గొప్ప కానుక ఒకటి ఉంది. మనిషి పుట్టుకతో కాక పరిసరాలతో తయారవుతాడని వాట్సన్ పట్టుబట్టాడు. ఆరోగ్యవంతులైన శిశువులను తన చేతికిస్తే, వారి జాతి, వంశం ఏవైనా, ఏ వృత్తిలోనైనా నిపుణులను చేయగలనన్నాడు. అందులో అతిశయోక్తి ఉందని ఆయనే అంగీకరించాడు. కాని కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన నేరజాతుల చట్టం ఇంకా అమలులో ఉన్న కాలపు మాట అది. ‘కొండవాళ్ళకు చదువు అబ్బదు’ అనే మైదానపు మాటకు ఇప్పటికీ సూటి జవాబు ఇదే. అబ్బని చదువు బిడ్డలో లేదు, పరిసరంలో ఉంది.

స్కిన్నర్ విషయంలోనూ ఇదే మాట చెప్పాలి. 1953లో తన కుమార్తె తరగతిని చూసి, పిల్లలు దండన భయంతో లెక్కలు చేయడం, సమాధానం సరైనదో కాదో వెంటనే తెలియకపోవడం గమనించి ఆయన బోధనా యంత్రం వైపు నడిచాడు. దండనను జీవితాంతం వ్యతిరేకించాడు. బిడ్డ నేర్వకపోతే తప్పు బిడ్డది కాదు, బోధన అమరికదన్నది ఆయన వాదసారం. ఈ స్కిన్నర్ మన పాఠాలలో కనిపిస్తే తరగతి గదిలో నింద దిశ మారేది. మనకు మిగిలింది మీట నొక్కే ఎలుక, దానికి వేసే గింజ మాత్రమే.

7. ముగింపు

ఈ చర్చ ఎవరు బోధించాలన్న ప్రశ్న దగ్గర ఆచరణాత్మకమవుతుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయుల గైర్హాజరీని అరికట్టి విద్యను పెంపొందించే ఉద్దేశంతో, 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 అక్కడి ఉపాధ్యాయ పోస్టులన్నిటినీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. నూటికి నూరుశాతం రిజర్వేషన్ రాజ్యాంగబద్ధం కాదంటూ 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు రాజ్యాంగపరమైన చర్చ ఇక్కడి విషయం కాదు. మనోవిజ్ఞానం దృష్టితో చూస్తే ఒక సంగతి తేటతెల్లం. ఉపాధ్యాయుడు ఎవరైనా ఉద్దీపనను సమానంగా అందించగలడని నమ్మే సిద్ధాంతానికి ఆ పోస్టులో ఎవరున్నా ఒకటే. బిడ్డ మౌనానికి అర్థముందని నమ్మే సిద్ధాంతానికి ఆ అర్థం తెలిసిన మనిషి తరగతిలో ఉండడం బోధనలో భాగమే.

స్థానికుడు కాని ఉపాధ్యాయుడు కూడా ఆ అర్థాన్ని నేర్చుకోగలడు. అందుకు అతని పాఠ్యగ్రంథం సాయపడాలి. మూడు మార్పులు సాధ్యమైనవి, పెద్ద ఖర్చు లేనివి. ప్రతి నియమం పక్కన దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు సవరించారో చెప్పే పేరా ఒకటి చేర్చడం. ‘శాస్త్రీయ’, ‘ప్రవర్తన’, ‘అభ్యాసం’ వంటి పదాలు తెలుగులో తెచ్చే అదనపు అర్థాలను విడమరచి చెప్పడం. పిల్లి, కుక్క, ఎలుకలతో పాటు మామిడి కొత్త కోసం ఆగే బిడ్డను కూడా ఒక ఉదాహరణగా నిలిపి, ఏ సిద్ధాంతం ఆ బిడ్డను ఎంతవరకు వివరించగలదో విద్యార్థిచేత చర్చింపజేయడం.

చిక్కుదారిలో తిరిగిన ఎలుకలు పది రోజులపాటు ఏమీ నేర్వనట్టే కనిపించాయి. పదకొండవ రోజున పరిశోధకులు మార్చింది ఎలుకలను కాదు, పరిస్థితిని. రంపచోడవరం తరగతి గదిలోని మౌనాన్ని చదవవలసిన ఉపాధ్యాయుడికి ప్రవర్తనావాద చరిత్ర ఇవ్వగల పాఠం ఇదే. ఆ పాఠం మన పుస్తకాలలో లేకపోవడమే ఈ వ్యాసం ఎత్తిచూపదలచిన లోటు.